ఒడ్డు పక్కనే మునిగిన ఓడ: లిబర్టీ దగ్గర నా మూడు డైవ్‌లు

తులాంబెన్ ఒడ్డున ఇసుక కన్నా రాళ్లే ఎక్కువ. పిడికిలంత, కొబ్బరికాయంత నల్లటి గుండ్రాళ్లు. అల వెనక్కి పోయినప్పుడల్లా అవి ఒకదాని మీద ఒకటి దొర్లుతూ గలగలమంటాయి. ఆ రాళ్ల మీద నిలబడి చూస్తే ఎదురుగా సముద్రం తప్ప ఏమీ లేదు. వెనక్కి తిరిగితే 3,000 మీటర్లకు పైగా లేచిన అగుంగ్ అగ్నిపర్వతం. "ఓడ ఎక్కడుంది?" అని అడిగాను. గైడ్ చెయ్యి చాచి చూపించిన చోటు, గట్టిగా రాయి విసిరితే పడేంత దూరమే.

బాలీ దీవి ఈశాన్య తీరంలో ఉన్న ఈ చిన్న ఊరి ముందు మునిగి ఉన్నది లిబర్టీ అనే అమెరికా సరుకు ఓడ. పొడవు 120 మీటర్లకు పైనే. ఓడ పైభాగం సుమారు 5 మీటర్ల లోతులోనే తగులుతుంది, కింది భాగం 30 మీటర్ల దాకా పోతుంది. పడవ ఎక్కే పని లేదు. ఒడ్డు నుంచి నడిచి, కాస్త ఈది, దిగిపోవడమే. ఇంత తేలిగ్గా అందుతుందని తెలిసినప్పుడు నాకు కొంచెం నిరాశ కలిగిన మాట నిజం. లోతు తక్కువ ఓడ అంటే నేర్చుకునేవాళ్లకు, అసలైన ఓడలు లోతులో ఉంటాయి అనుకునేదాన్ని. మూడు డైవ్‌ల తర్వాత ఆ అభిప్రాయం నాలో మిగల్లేదు. ఎందుకు మిగల్లేదో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ముందు ఓడ సంగతి. లిబర్టీని 1918లో అమెరికాలోని న్యూజెర్సీలో కట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో తయారైన 'లిబర్టీ షిప్స్' అనే రకంతో దీనికి సంబంధం లేదు, దీని పేరే లిబర్టీ. 1942 జనవరి 11న, పెర్ల్ హార్బర్ దాడి జరిగి ఐదు వారాలైనప్పుడు, రైలు మార్గాలకు కావాల్సిన సామాను, రబ్బరు వేసుకుని పోతుండగా లొంబోక్ జలసంధి దగ్గర జపాన్ జలాంతర్గామి ఐ-166 దీన్ని టార్పెడోతో కొట్టింది. ఓడ వెంటనే మునగలేదు. అమెరికా నౌక పాల్ జోన్స్, డచ్ నౌక వాన్ గెంట్ కలిసి తాళ్లు కట్టి బాలీలోనే ఉన్న సింగరాజా రేవు వైపు లాక్కుపోయాయి. కానీ లోపలికి నీరు బాగా చేరిపోవడంతో అంతదూరం తీసుకుపోయే వీలు లేక తులాంబెన్ ఒడ్డుకే ఎక్కించేశారు. కనీసం సరుకైనా దింపుకోవచ్చని.

అలా ఇరవయ్యొక్క ఏళ్లు ఆ ఓడ ఒడ్డునే పడి ఉంది. 1963లో అగుంగ్ బద్దలైంది. ఆ ప్రకంపనలకు ఓడ ఒడ్డు మీద నుంచి జారి, పక్కకు ఒరిగి, నీళ్లలోకి వెళ్లిపోయింది. ఈ వాక్యం రాయడం తేలిక. ఆ విస్ఫోటనంలో చనిపోయినవాళ్లు వెయ్యికి పైనే అని తెలిశాక మాత్రం నాకు ఆ ఓడ మీద ఉన్న ఉత్సాహం కాసేపు చల్లబడింది. నేను చూడ్డానికి వచ్చిన వింత ఈ తీరంలో జనానికి ఒక పెద్ద కష్టం జరిగిన రోజుల్లో తయారైంది. ఆ సంగతి తెలుసుకునే నీళ్లలోకి దిగాలి అనిపించింది.

ఇక నా విషయం. నాకు ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ ఉంది. అంటే 18 మీటర్ల వరకు దిగొచ్చు. అప్పటికి, డైవ్ వివరాలు రాసుకునే నా లాగ్‌బుక్‌లో ఉన్నవి తొమ్మిది డైవ్‌లు. మా తమ్ముడు నాకన్నా చాలా డైవ్‌లు చేశాడు, వాడే నా బడ్డీ, అంటే నీళ్లలో జంటగా ఉండే తోడు. డైవ్ గేర్ అక్కడే అద్దెకు తీసుకున్నాం. నీళ్లలో పీల్చుకునే గాలి సిలిండర్లు మాత్రం మేం మోయలేదు. తులాంబెన్‌లో ఆడవాళ్లు వాటిని తల మీద పెట్టుకుని ఆ రాళ్ల మీద నడుచుకుంటూ ఒడ్డుకు తెచ్చిపెడతారు. ఖాళీ చేతులతో నేను పడబోయిన చోట ఒకావిడ నెత్తిన సిలిండర్‌తో చకచకా నడిచి వెళ్లింది. రాళ్ల మీద ఎలా నడవాలో ఆవిడ పాదాలు చూసే నేర్చుకున్నాను: మడమ ముందు పెట్టకూడదు, పాదం మొత్తం ఒకేసారి ఆనించాలి, రాయి కదిలితే కదలనివ్వాలి.

బ్రీఫింగ్‌లో గైడ్ మట్టిలో పుల్లతో ఓడ బొమ్మ గీశాడు. ఎక్కడ దిగుతాం, ఎటు తిరుగుతాం, ఎంత గాలి మిగిలి ఉండగా వెనక్కి మళ్లాలి, అన్నీ చెప్పాడు. సిలిండర్‌లో 200 బార్ (గాలి పీడనాన్ని కొలిచే ప్రమాణం) ఉంటుంది, 100కు రాగానే తనకు చూపించాలి, 50 ఉండగా పైకి రావాలి. ఓడ లోపలికి వెళ్లడం గురించి తమ్ముడు అడిగాడు. "ట్రైనింగ్ లేనివాళ్లని లోపలికి తీసుకెళ్లను. బయటి నుంచే లోపల ఏముందో చాలా చూడొచ్చు" అన్నాడు. నాకు ఆ మాట చాలా నచ్చింది. తల మీద ఇనుప కప్పు ఉన్న చోట ఏదైనా తేడా వస్తే నేరుగా పైకి పోలేం. కాలికి తొడుక్కునే ఫిన్ ఒక్కసారి గట్టిగా ఆడిస్తే చాలు, లోపల పేరుకున్న బురద లేచి వచ్చిన దారే కనబడకుండా పోతుంది. దానికి వేరే శిక్షణ ఉంది, అది లేనివాళ్లు వెళ్లకూడదు.

మొదటి డైవ్ నాలుగు మీటర్ల దగ్గరే ఆగిపోయింది.

దీని గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే కొత్తవాళ్లకు ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. ఆ రోజు పొద్దున్న నాకు ముక్కు కొంచెం పట్టేసినట్టుంది. పెద్ద జలుబేమీ కాదు, అందుకే ఎవరికీ చెప్పలేదు. దిగడం మొదలుపెట్టిన కాసేపటికే కుడి చెవిలో సన్నగా నొప్పి. చెవి లోపలి పీడనం బయటి నీటితో సరిపోవడానికి ముక్కు మూసుకుని నెమ్మదిగా ఊదాను. ఎడమ చెవి టప్‌మని తెరుచుకుంది. కుడిది తెరుచుకోలేదు. ఇంకా కొంచెం దిగాను. నొప్పి సూదిలా దిగింది. ఇంకోసారి ఊదాను, ఈసారి గట్టిగా. అదే నేను చేసిన తప్పు. గైడ్ నా ముఖం చూసి వెంటనే చేతితో ఆగమన్నాడు. ఒక మీటరు పైకి తీసుకెళ్లి మళ్లీ ప్రయత్నించమన్నాడు. రెండుసార్లు చూశాం, లాభం లేదు. బొటనవేలు పైకి చూపించాడు. నీళ్లలో దానికి అర్థం 'పైకి వెళ్దాం' అని. నేను తల అడ్డంగా ఊపాను. ఓడ నీడ కిందే కనిపిస్తోంది, నల్లగా, పెద్దగా. అతను మళ్లీ బొటనవేలే చూపించాడు.

ఒడ్డున కూర్చున్నాక నాకు ఏడుపు వచ్చింది. గైడ్ పక్కన కూర్చుని ఓపిగ్గా చెప్పాడు. నీళ్లలో ప్రతి 10 మీటర్లకూ పీడనం ఒక వాతావరణ పీడనం (ఒడ్డున గాలి మన మీద వేసే బరువంత) చొప్పున పెరుగుతుంది. పైన ఒకటి ఉంటే 10 మీటర్ల దగ్గర రెండు, అంటే మొదటి 10 మీటర్లలోనే రెట్టింపు అయిపోతుంది. ఆ తర్వాత మళ్లీ రెట్టింపు కావాలంటే 30 మీటర్ల దాకా పోవాలి. చెవి మీద అసలు భారమంతా పైనే. "లోతు తక్కువ కదా అని చెవిని మర్చిపోవద్దు. నొప్పి వచ్చాక ఊదితే లాభం లేదు, రాకముందే, నీటి మీద ఉన్నప్పటి నుంచే, ప్రతి మీటరుకూ చెయ్యాలి. జలుబుంటే అసలు దిగకూడదు" అన్నాడు. జలుబు సంగతి దాచినందుకు కోప్పడలేదు, కానీ ఆ రోజుకీ మర్నాటికీ నీళ్లలోకి దిగొద్దని ఖచ్చితంగా చెప్పాడు. ముక్కు విడిచే మందులు వేసుకుని దిగాలనే ఆలోచన కూడా వద్దన్నాడు. మందు ప్రభావం నీళ్లలో ఉండగా పోతే పైకి వచ్చేటప్పుడు గాలి చెవిలో ఇరుక్కుంటుంది, అది దిగేటప్పటి నొప్పికన్నా ప్రమాదం.

మర్నాడు తమ్ముడు ఒక్కడే గైడ్‌తో వెళ్లొచ్చాడు. నేను ఒడ్డున కూర్చుని నీటి మీదికి వచ్చే బుడగల్ని చూస్తూ వాళ్లు ఎక్కడున్నారో లెక్కపెట్టుకున్నాను.

మూడో రోజు రెండు డైవ్‌లు చేశాను. ముక్కు పూర్తిగా బాగైంది. ఈసారి నీటి మీద ఉన్నప్పుడే ఒకసారి ఊదాను, తర్వాత ప్రతి రెండు మూడు శ్వాసలకూ ఒకసారి. చెవులు రెండూ మాట విన్నాయి. నల్ల ఇసుక వాలు మీదుగా కిందికి జారుతుంటే ఇసుకలోంచి సన్నటి కర్రల్లా నిలబడి ఊగుతున్న గార్డెన్ ఈల్స్ అనే పాముల్లాంటి చేపలు కనిపించాయి. మేం దగ్గరికి వస్తుంటే ఒక్కొక్కటే కన్నంలోకి దిగిపోయాయి.

ఆ తర్వాత ఓడ. నీళ్లలో వస్తువులు ఉన్నదానికన్నా మూడో వంతు పెద్దగా, దగ్గరగా కనిపిస్తాయని కోర్సులో చదువుకున్నాను. కానీ అంత పెద్ద ఇనుప గోడ నీలంలోంచి ఒక్కసారిగా బయటికి వచ్చేసరికి ఆ చదువేదీ గుర్తు రాలేదు. ఊపిరి వేగం పెరిగింది. ఓడ మొత్తం చూసెయ్యాలి, ఆ చివర నుంచి ఈ చివరకు ఈదెయ్యాలి అనే తొందర. గైడ్ వెనకే 18 మీటర్ల దాకా దిగాను. ఏదో కిటికీ లాంటిది, ఏదో పెద్ద దూలం, దాని పక్కన వందల చేపలు, ఇంకో దూలం. కళ్లు దేని మీదా నిలవలేదు. 100 బార్ ఎప్పుడొచ్చిందో కూడా గమనించలేదు, తమ్ముడు నా గేజ్ పట్టుకుని చూపించాడు. మొత్తం 34 నిమిషాలు.

పైకి వచ్చాక వాడు అడిగాడు, "అక్కా, ఏం చూశావు?" సమాధానం చెప్పలేకపోయాను. ఓడ చూశాను. అంతే.

మధ్యలో విశ్రాంతి తీసుకుంటూ లెక్క వేసుకున్నాం. పైన నిమిషానికి ఇరవై లీటర్ల గాలి పీల్చే మనిషికి 10 మీటర్ల దగ్గర నలభై కావాలి, 20 మీటర్ల దగ్గర అరవై. మాలాంటి వాళ్ల డైవ్‌ని ముందు ఆపేది సిలిండరే. పైగా లోతుకు పోయేకొద్దీ రంగులు పోతాయి. ఎరుపు అన్నిటికన్నా ముందు, మొదటి కొన్ని మీటర్లలోనే మసకబారుతుంది. ఈ ఓడలో పైభాగం మొత్తం 5 నుంచి 10 మీటర్ల మధ్యే ఉంది. అక్కడ వెలుతురుంది, రంగుంది, గాలి ఎక్కువసేపు వస్తుంది. ఆ టైమంతా వదిలేసి నేను కిందికి ఎందుకు పరిగెత్తాను? "ఈసారి 10 మీటర్లు దాటొద్దు. ఓడ మొత్తం వద్దు, ఒక ముక్క చూద్దాం" అన్నాను. తమ్ముడు ఒప్పుకున్నాడు. గైడ్ నవ్వి, "నేను ఇక్కడ ఎక్కువగా చేసే డైవ్ అదే" అన్నాడు.

మూడో డైవ్ గురించి ఎంత చెప్పినా నాకు తృప్తి ఉండదు.

8 మీటర్ల దగ్గర ఓడ పక్కటెముకల్లాంటి ఇనుప దూలాలు వరసగా బయటికి వచ్చి ఉన్నాయి. వాటిలో ఒకదాని ముందు ఆగాం. ఆగడమంటే నిజంగా ఆగడం. బీసీడీలో (గాలి నింపుకుని తేలే జాకెట్టు) గాలి సరిచేసుకుని, చేతులు కట్టుకుని, ఊపిరితోనే పైకీ కిందికీ ఒక జానెడు కదులుతూ. ఆ దూలం మీద ఇనుము ఒక్క అంగుళం కూడా కనబడలేదు. దాన్ని పగడాలు, స్పాంజీలు, సున్నంలాంటి పెంకు కప్పేశాయి. టార్చ్ వేశాను. అప్పటిదాకా బూడిద రంగులో ఉన్నదంతా ఒక్కసారి కుంకుమ రంగుకు తిరిగింది. నారింజ, ఊదా, పసుపు. టార్చ్ ఆర్పితే మళ్లీ బూడిద. నాలుగైదుసార్లు వేసి ఆర్పి చూశాను.

దూలానికీ పలకకూ మధ్య అరచేయంత ఖాళీ ఉంది. అందులో చిటికెన వేలి గోరంత పీత ఒకటి, ముందు కాళ్లతో నీళ్లలోంచి ఏదో అందుకుని నోట్లో పెట్టుకుంటోంది. ఒక కాలు, తర్వాత ఇంకో కాలు, ఆగకుండా. దాని వెనక పలక అంచులో వరసగా గుండ్రటి గుబ్బలు. మొదట ఏవో నత్తలనుకున్నాను. తర్వాత వాటి మధ్య దూరం అన్నిచోట్లా ఒకేలా ఉందని గమనించాను. ఓడ పలకల్ని కలిపి బిగించిన రివెట్లు అవి. 1918లో ఎవరో మనిషి ఒక్కొక్కటీ కాల్చి కొట్టి బిగించినవి. వాటి మీద పగడం పెరిగింది కానీ ఆ వరస చెరిగిపోలేదు. మాస్క్ లోపల నా కళ్లు చెమర్చాయి.

చెయ్యి పెట్టి తడిమి చూడాలని ఎంతగా అనిపించిందో చెప్పలేను. పెట్టలేదు. ఉప్పునీళ్లలో ఇనుము తుప్పు పట్టి కరుగుతూనే ఉంటుంది. పైన పేరుకున్న ఆ పెంకే దానికి రక్షణ, తాజా నీరు, ఆక్సిజన్ ఇనుముకు సులువుగా తగలకుండా అడ్డుపడుతుంది. మనం పట్టుకుని ఒక ముక్క ఊడగొడితే అక్కడ తుప్పు మళ్లీ జోరందుకుంటుంది. లోపలికి దూరినవాళ్లు వదిలే బుడగలు కూడా పైకప్పు కింద ఇరుక్కుని అదే పని చేస్తాయని గైడ్ చెప్పాడు. అందుకే బయటే ఉండమనడంలో మా క్షేమంతో పాటు ఓడ క్షేమం కూడా ఉంది. నీళ్లలో నిలకడగా ఉండలేనివాళ్లు పాత ఓడల దగ్గరికి రాకముందు ఆ ఒక్క విద్య బాగా సాధన చెయ్యాలని నా గట్టి అభిప్రాయం. అది రానప్పుడే చెయ్యి ఏదో ఒకటి పట్టుకోవాలని చూస్తుంది.

ఫిన్స్ కూడా పైకీ కిందికీ కొట్టకుండా కప్పలా పక్కలకు తోస్తూ వెళ్లమన్నాడు. అలా ఈదితే కింద ఇసుక లేవదు. మొదట కాళ్లు మాట వినలేదు, పది నిమిషాల్లో అలవాటైంది.

ఇంకొంచెం ముందు ఓడ పొట్ట తెరుచుకుని ఉంది. బయటే ఆగి లోపలికి టార్చ్ వేశాం. దూలాల మధ్య నుంచి పడుతున్న ఎండ లోపల పట్టీలు పట్టీలుగా నిలబడి ఉంది. ఆ పట్టీల్లోంచి వెండి రంగు ట్రెవల్లీ చేపల గుంపు సుడి తిరుగుతూ పోయింది. అన్నీ ఒకేసారి మలుపు తిరిగితే వెలుగు, ఇంకో మలుపుకు నీడ. రైలు సామాను వేసుకుని బయల్దేరిన ఓడ గర్భం అది. తెల్లారకముందు దిగితే లోపల పడుకుని లేచే బంప్‌హెడ్ ప్యారట్ ఫిష్‌లు కనిపిస్తాయట, నుదురు బుడిపెలా పొంగి, మీటరుకు పైగా పొడవుండే చేపలు. మాకు ఆ రోజు అవి కనబడలేదు. నాకు లోటుగా అనిపించలేదు.

గేజ్ చూసుకుంటే 90 బార్. టైమ్ చూస్తే 38 నిమిషాలు. పొద్దున్న డైవ్ ఈపాటికి అయిపోయి ఒడ్డున కూర్చున్నాను! ఊపిరి నెమ్మదించింది. నోట్లో పెట్టుకుని గాలి పీల్చే రెగ్యులేటర్ చప్పుడు కూడా దూరంగా ఎక్కడో వినిపిస్తున్నట్టుంది.

ఈ ఓడ దగ్గర నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి సేఫ్టీ స్టాప్. పైకి వచ్చేముందు 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి, ఒంట్లో చేరిన నైట్రోజన్ నెమ్మదిగా బయటికి పోవడానికి. మామూలుగా అయితే ఏమీ లేని నీళ్లలో వేలాడుతూ నిమిషాలు లెక్కపెట్టుకోవాలి. ఇక్కడ ఓడ పైభాగం సరిగ్గా ఆ లోతులోనే ఉంది. ఆగిన మూడు నిమిషాలూ ఓడనే చూస్తాం. మేం మూడు కాదు, దాదాపు పది నిమిషాలు ఉన్నాం. పలక అంచున ఉన్న, పువ్వులా కనిపించే సముద్రజీవి ఎనిమోన్‌లో జత క్లౌన్ ఫిష్‌లు. చిన్నది వెనకే ఉండిపోయింది, పెద్దది నా మాస్క్ దాకా వచ్చి అద్దాన్ని ఠక్కున పొడిచి వెళ్లింది. మళ్లీ వచ్చింది. తన ఇంటికి అంత దగ్గరగా రావొద్దంటోందని అర్థమై వెనక్కి జరిగాను.

బయటికి రావడం దిగడం కన్నా కష్టం. మోకాలి లోతు దాకా రెగ్యులేటర్ నోట్లోంచి తియ్యకూడదు, ఎందుకంటే అల వెనక నుంచి తోస్తే రాళ్ల మీద పడతాం. రెండు అలల మధ్య నీరు తగ్గే క్షణం చూసి ఫిన్స్ తీసేసి, తమ్ముడి భుజం పట్టుకుని నాలుగడుగులు వేశాను. సిలిండర్ దించగానే మొన్నటి ఆవిడే వచ్చి దాన్ని ఎత్తి తల మీద పెట్టుకుంది. చేతులెత్తి దణ్ణం పెట్టాను. ఆవిడ నవ్వి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం విమానం ఎక్కే పని పెట్టుకోలేదు. వరసగా డైవ్‌లు చేశాక కనీసం 18 గంటలు ఆగాలి. మేం ఒక రోజు మొత్తం ఉంచుకున్నాం. ఒడ్డున కూర్చుని లాగ్‌బుక్ రాశాను. గరిష్ఠ లోతు 9 మీటర్లు, సమయం 56 నిమిషాలు. 'ఏం చూశారు' అని ఉన్న చోట పేజీ చాల్లేదు. తమ్ముడి పుస్తకంలోంచి ఒక కాగితం అడిగి తీసుకుని, ముందు ఆ రివెట్ల వరస గీశాను.